క్రొయేషియన్ మాతృభాషగా ఉన్నవారికి జపనీస్, కొరియన్ పాఠాలు: రోమన్ రాత, విభక్తులు, లేఅవుట్

పాఠశిల్పి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. క్రొయేషియన్ మాతృభాషగా ఉన్న పెద్దవాళ్ల కోసం జపనీస్, కొరియన్ మొదటి మెట్టు పాఠాలు రూపొందించే పని నడుస్తోంది. ఒక్కో భాషకు 24 పాఠాలు, పాఠానికి 90 నిమిషాలు. అచ్చు పుస్తకం, ఆడియో, వర్క్‌షీట్లు కలిపి ఒక సెట్టు.

2021 జనాభా లెక్కల్లో క్రొయేషియా జనాభా సుమారు 38.7 లక్షలు. అంత చిన్న మార్కెట్టు కాబట్టి అక్కడ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు మాధ్యమంలో వచ్చిన పుస్తకాల మీదే ఆధారపడతారు. జాగ్రెబ్, పులా విశ్వవిద్యాలయాల్లో జపనీస్ చెబుతారు. ఈ సెట్టు మాత్రం యూనివర్సిటీ బయట సాయంత్రం క్లాసులకు వచ్చేవాళ్ల కోసం.

మూడు విషయాలు తేలాలి.
1. మొదటి పాఠాల్లో రోమన్ రాత పెట్టాలా? పెడితే ఏ పద్ధతి?
2. వ్యాకరణ వివరణ ఇంగ్లీషు పుస్తకాల వరుసలోనే పోవచ్చా?
3. రెండు భాషలకూ ఒకే మూసలో పాఠాలు కుదురుతాయా?

తెలుగువాళ్లకు ఈ రెండు భాషల పాఠాలు రాసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

---

మాత్రాకాలం

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: జపనీస్‌కు రోమన్ రాత రెండో వారం దాటకూడదు, కొరియన్‌కు అసలు వద్దు.

జపనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాయడానికి ఇంగ్లీషు పుస్తకాల్లో వాడే హెప్‌బర్న్ పద్ధతిలో హల్లులు ఇంగ్లీషు చదువరి కోసం కుదిర్చినవి. క్రొయేషియన్‌లో 'జె' అక్షరం పలుకు 'య'. 'వై' వాళ్ల 30 అక్షరాల్లో లేనే లేదు. 'సి' అంటే 'త్స'. అంటే హెప్‌బర్న్‌లో 'జూ' అని రాసింది వాళ్ల నోట 'యూ' అవుతుంది. జూడోను వాళ్లు తమ రాతలో 'డి' పక్కన కొక్కెం ఉన్న 'జెడ్' పెట్టి రాసుకునేది అందుకే. హిరోషిమాకు కూడా కొక్కెం ఉన్న 'ఎస్' వాడతారు.

అలాగని 'వాళ్ల అక్షరాల్లోనే రాసేద్దాం' అంటే అక్కడా గుంత ఉంది. జపనీస్‌లో 'ఈ రాత్రి' అనే మాట కొ-న్-య, మూడు మాత్రలు. క్రొయేషియన్ అక్షరాల్లో రాస్తే కె, ఓ, ఎన్, జె, ఎ వస్తాయి. వాళ్లకు ఎన్-జె జంట ఒకే అక్షరం, పలుకు 'ఞ'. చదివేసరికి అది 'కొఞ' అవుతుంది, అంటే వాళ్ల భాషలో 'గుర్రాన్ని'. మధ్యలో అపాస్ట్రఫీ పెట్టి విడదీయాలి, విద్యార్థి అది మరిచిపోతాడు. 'కిన్-ఎన్' (పొగ తాగరాదు), 'కినెన్' (స్మారకం) జంటలోనూ ఇదే చిక్కు.

నేను సూచించే వరుస: మొదటి నాలుగు తరగతుల్లో 46 హిరగాన (జపనీస్ ధ్వని లిపి) అక్షరాలు. ఆ నాలుగింటిలో మాత్రం క్రొయేషియన్ అక్షరాల్లో పలుకు, అదీ అక్షరం కింద బూడిద రంగులో, ఒక్కసారే. వాక్యాల కింద ఎప్పుడూ వద్దు. అయిదో తరగతి నుంచి తీసేయండి.

---

హాన్_గంగ

కొరియన్‌కు అసలు వద్దన్న మాటను గట్టిగా సమర్థిస్తాను. 2000లో వచ్చిన కొరియా అధికారిక రోమన్ రాతలో కొన్ని అచ్చులకు రెండేసి అక్షరాలు వస్తాయి. 'ఇ-ఓ' జంటను క్రొయేషియన్ చదువరి ఎ, ఒ అని రెండు అచ్చులుగా విడదీసి చదువుతాడు. 'ఇ-యు' జంటదీ అదే దారి. పైగా జెజు ద్వీపం పేరు వాళ్లకు 'యెయు' అయిపోతుంది. కొరియన్ లిపి హంగుల్‌లో మూలాక్షరాలు 24, 14 హల్లులు, 10 అచ్చులు. 90 నిమిషాల తరగతులు మూడు చాలు. రోమన్ రాత ఊతం అక్కర్లేదు.

అసలు కష్టం అచ్చుల దగ్గర. క్రొయేషియన్‌కు అయిదే అచ్చులు: అ, ఎ, ఇ, ఒ, ఉ. కొరియన్‌లో 'అక్కడ' అనే మాటకూ 'మాంసం' అనే మాటకూ తేడా మొదటి అచ్చు ఒక్కటే. ఒకటి పెదవులు గుండ్రం చేయకుండా అ-ఒ మధ్యలో పలికేది, రెండోది గుండ్రటి 'ఒ'. రెండూ వాళ్ల చెవికి 'ఒ' గానే పడతాయి. పుస్తకంలో పెదవుల బొమ్మ పెట్టండి, కానీ అది చాలదు. ఆడియోలో ఈ జంటకు కనీసం 20 వినికిడి అంశాలు, మొదటి పాఠంలో 8, మిగతావి తర్వాతి నాలుగు పాఠాల్లో మూడేసి చొప్పున. ఒకేరోజు 20 ఇస్తే ఆ రోజుకు వస్తుంది, వారానికి పోతుంది.

హల్లుల మూడు వరుసల సంగతి. 'చంద్రుడు', 'ముసుగు', 'కూతురు' అనే మూడు మాటలు త వర్గంలో సాదా, ఒత్తు, బిగువు తేడాతో మాత్రమే వేరవుతాయి. క్రొయేషియన్ 'త' గాలి వదలదు కాబట్టి బిగువు వరుసకు దగ్గరగా ఉంటుంది. ఒత్తు వరుస కొత్తదే అయినా త్వరగానే పట్టుబడుతుంది. తప్పేది సాదా వరుస. రోమన్ రాతలో 'డి' అని చూసి నిండుగా 'ద' అనేస్తారు. ఇప్పటి సియోల్ పలుకులో మాట మొదట్లో సాదాకూ ఒత్తుకూ తేడా చాలావరకు స్వరం ఎత్తులోనే ఉంది: సాదా తర్వాత అచ్చు దిగువ స్వరంలో, ఒత్తు తర్వాత ఎగువ స్వరంలో. పాఠంలో ఆ గీత గీసి చూపించండి. 'ఎంత గాలి వస్తోందో కాగితం పెట్టి చూడు' అనే పాత అభ్యాసం ఒక్కటే ఉంటే ఈ రెండూ కలిసిపోతాయి.

మనవాళ్లకు ఖ, థ, ఫ అక్షరాలు చేతిలో ఉన్నాయి కాబట్టి తెలుగు పాఠాల్లో ఈ భాగం అరపేజీలో తేలిపోతుంది. ఆ అలవాటుతో క్రొయేషియన్ పుస్తకంలోనూ అరపేజీయే ఇవ్వొద్దు.

---

మాత్రాకాలం

@హాన్_గంగ గారు చివర చెప్పింది జపనీస్ ద్విత్వాలకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. అక్క, అత్త, బొమ్మ అనే భాషలో పెరిగినవాడికి 'ఒతొ' (శబ్దం), 'ఒత్తొ' (భర్త) తేడా పాఠమే కాదు. క్రొయేషియన్‌లో ఉపసర్గ, ధాతువు కలిసేచోట తప్ప ద్విత్వం దాదాపు లేదు. అందుకని రాయడం వచ్చినా పలకడం రాదు. 'కితె' (వచ్చి), 'కిత్తె' (తపాలా బిళ్ల), 'సక' (ఏటవాలు), 'సక్క' (రచయిత) లాంటి జంటలు ఎనిమిదైనా పెట్టి, మాత్రకొక చప్పట్లతో అభ్యాసం ఇవ్వండి. ద్విత్వం ఉన్నచోట ఒక చప్పట్లు శబ్దం లేకుండా పడాలి.

దీర్ఘాలకు మాత్రం క్రొయేషియన్‌లోనే పునాది ఉంది. 'లుక్' అని పొట్టిగా అంటే ఉల్లిపాయ, సాగదీసి 'లూక్' అంటే విల్లు. రాతలో రెండూ ఒకటే. 'ఒబసన్' (అత్తయ్య వరస), 'ఒబాసన్' (అమ్మమ్మ వరస) చెప్పేటప్పుడు ఈ జంట చూపిస్తే చాలు. కానీ జాగ్రత్త: ప్రామాణిక భాషలో ఉన్న ఈ తేడా జాగ్రెబ్ నగర మాటలో చాలావరకు చెరిగిపోయింది. తరగతిలో జాగ్రెబ్ వాళ్లే ఎక్కువైతే దీన్ని పునాదిగా వాడలేరు, మాత్రల చప్పట్ల మీదే నడపాలి.

ఇంకొక మంచి సంగతి: 'త్సు' అక్షరం. ఇంగ్లీషు పుస్తకాలు దీని మీద అరపేజీ ఖర్చు పెడతాయి. క్రొయేషియన్‌కు 'త్స' సొంత హల్లు, ఒక్క గీత చాలు. 'చి'కి వాళ్ల మెత్తటి చ సరిగ్గా సరిపోతుంది. అయితే చాలామంది మెత్తటి చ, గట్టి చ కలిపేసి పలుకుతారు కాబట్టి ఆడియో తప్పదు.

---

విభక్తి

రెండో ప్రశ్నకు వస్తాను. ఇంగ్లీషు వరుస వద్దు. క్రొయేషియన్‌కు ఏడు విభక్తులు ఉన్నాయి, ఇంగ్లీషు పుస్తకాలు పది పేజీల్లో చెప్పేది వీళ్లకు రెండు పేజీల్లో అవుతుంది.

అన్నింటికంటే ఎక్కువ లాభం ఉన్నచోటు ఇది. క్రొయేషియన్‌లో 'లో' అనే అర్థానికి 'ఉ' ఒక్కటే, కానీ దాని తర్వాత విభక్తి మారుతుంది:

- ఇదెమ్ ఉ ష్కొలు (బడికి వెళ్తున్నాను): ద్వితీయ. జపనీస్‌లో 'ని', కొరియన్‌లో 'ఎ'.
- ఉచితెల్య్ యె ఉ ష్కొలి (టీచరు బడిలో ఉన్నారు): అధికరణం. జపనీస్‌లో 'ని', కొరియన్‌లో 'ఎ'.
- ఉచిమ్ ఉ ష్కొలి (బడిలో చదువుకుంటున్నాను): అదే అధికరణం. కానీ జపనీస్‌లో 'దె', కొరియన్‌లో 'ఎసొ'.

గీత మొదటిదానికీ రెండోదానికీ మధ్య కాదు, రెండోదానికీ మూడోదానికీ మధ్య పడుతుంది. క్రొయేషియన్ చెవి మాత్రం మొదటి గీతకే అలవాటుపడి ఉంటుంది. పాఠంలో మూడు వాక్యాలూ ఒకే పేజీలో, ఒకే బడి బొమ్మతో పెట్టండి. ఉండటమా, చేయటమా అన్న ప్రశ్న ఒక్కటే అడిగించండి. రెండు భాషలకూ ఇదే పేజీ పనికొస్తుంది.

తృతీయ కూడా అక్కరకు వస్తుంది. 'వ్లకొమ్' (రైలుతో, సాధనం) ముందు ఏ మాటా లేకుండా వస్తుంది. 'స్ ప్రియతెల్యెమ్' (స్నేహితుడితో, తోడు) 'స్'తో వస్తుంది. మొదటిది జపనీస్ 'దె', రెండోది 'తొ'. మామూలు మాటల్లో చాలామంది సాధనానికి కూడా 'స్' తగిలిస్తారు. అలాంటివాళ్లు 'దె' రావాల్సినచోట 'తొ' రాస్తారు. వర్క్‌షీటులో ప్రామాణిక రూపమే ఇవ్వాలి.

ఇక ఇష్టాయిష్టాలు. 'స్విజ మి సె ఒవ క్ఞిగ': పుస్తకం ప్రథమలో, మనిషి చతుర్థిలో. 'నాకు ఈ పుస్తకం ఇష్టం' లాగే. జపనీస్‌లో నచ్చిన వస్తువుకు 'గ' ఎందుకు వస్తుందో ఇంగ్లీషు పుస్తకాలు తిప్పలు పడి వివరిస్తాయి, ఇక్కడ వివరణే అక్కర్లేదు. కొరియన్‌లో ఇంకా బాగా కుదురుతుంది: 'చొఆయొ'కు ప్రథమ, 'చొఆహెయొ'కు ద్వితీయ. క్రొయేషియన్‌లో 'స్విజ మి సె'కూ 'వొలిమ్'కూ మధ్య ఉన్న తేడా అదే.

---

హాన్_గంగ

@విభక్తి గారూ, అంతా బాగుంది కానీ విభక్తులకూ ప్రత్యయాలకూ జత కలిపిన పట్టిక పుస్తకం మొదట్లో పెట్టొద్దని నా మనవి. పెడితే విద్యార్థి దాన్ని సూత్రంగా పట్టుకుంటాడు. 'బస్సెక్కు' అనే క్రియకు జపనీస్‌లో 'ని', కొరియన్‌లో ద్వితీయ. క్రొయేషియన్‌లో బస్సులో వెళ్లడానికి తృతీయ. పట్టిక చూసి రాసినవాడు రెండింటిలోనూ తప్పుతాడు. 'స్నేహితుణ్ణి కలుసుకున్నాను'లో కొరియన్ ద్వితీయ క్రొయేషియన్‌తో సరిపోతుంది, జపనీస్ మాత్రం 'ని' అడుగుతుంది. క్రియ నేర్పేటప్పుడే దాని ప్రత్యయంతో కలిపి నేర్పాలి. పదపట్టికలో 'నొరు' (ఎక్కు) అని కాకుండా 'ని నొరు' అనే ముద్ర వేయాలి.

---

విభక్తి

ఒప్పుకుంటాను. పట్టిక 12వ పాఠం తర్వాత పునశ్చరణ పేజీగా రావచ్చు, పక్కనే సరిపోని క్రియల జాబితాతో. ముందు వద్దు.

జపనీస్‌లో దేని గురించి చెబుతున్నామో చూపే 'వ', కర్తను చూపే 'గ' తేడాకు మాత్రం వాళ్ల పదక్రమం చక్కటి ఊతం, అది మొదటి పాఠాల్లోనే వాడుకోండి. క్రొయేషియన్‌లో తెలిసిన సంగతి ముందు, కొత్త సంగతి చివర. 'ఇవాన్ యె కుపియొ క్ఞిగు' అంటే ఇవాన్ ఏం కొన్నాడన్న ప్రశ్నకు జవాబు. 'క్ఞిగు యె కుపియొ ఇవాన్' అంటే పుస్తకం ఎవరు కొన్నారన్న ప్రశ్నకు జవాబు. మొదటిది జపనీస్‌లో 'ఇవాన్ వ హొన్ ఒ కైమష్త', రెండోది 'హొన్ వ ఇవాన్ గ కైమష్త'. అభ్యాసం ఇలా: ప్రశ్న క్రొయేషియన్‌లో ఇవ్వండి, జవాబును ముందు క్రొయేషియన్‌లోనే సరైన క్రమంలో చెప్పించండి, ముందుకొచ్చిన మాటకు 'వ' తగిలించమనండి, తర్వాతే క్రియను చివరికి నెట్టించండి. మూడో మెట్టు దాటేసి నేరుగా జపనీస్‌లో చెప్పమంటే మళ్లీ అన్నింటికీ 'వ' పెడతారు. కొరియన్‌లో 'ఉన్/నున్', 'ఇ/గ'కూ ఇదే అభ్యాసం సరిపోతుంది.

క్రియల దగ్గర పెద్ద ఉచ్చు ఉంది. క్రొయేషియన్ క్రియలు జంటలుగా వస్తాయి, సాగుతున్న పని ఒకటి, పూర్తయిన పని ఒకటి. స్థితినీ, సాగుతున్న పనినీ రెండింటినీ చెప్పే జపనీస్ క్రియారూపం 'తె ఇరు' చూడగానే సాగుతున్న రూపంతో జత కలిపేస్తారు. 'వ్లక్ దొలజి' (రైలు వస్తోంది) అనే వాక్యానికి 'దెన్ష గ కితె ఇమస్' అని రాస్తారు, దానర్థం రైలు వచ్చేసి ఉందని. తెలుగువాళ్లూ సరిగ్గా ఇక్కడే పడతారు. మందు: 'స్యెది' (కూర్చుని ఉన్నాడు), 'లెజి' (పడుకుని ఉన్నాడు), 'స్తొయి' (నిలబడి ఉన్నాడు) అనే స్థితి క్రియలతో 'తె ఇరు' మొదలుపెట్టండి. స్థితి ముందు, కొనసాగింపు తర్వాత. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. కొరియన్‌లో రెండింటికీ రెండు వేర్వేరు రూపాలున్నాయి కాబట్టి అక్కడ ఈ చిక్కు తక్కువ.

---

పాఠశిల్పి

చాలా ఉపయోగం. మర్యాద రూపాల మాటేమిటి? క్రొయేషియన్‌లో 'తి', 'వి' ఉన్నాయి, మన నువ్వు, మీరు లాగే. 'వి' అంటే కొరియన్‌లో మర్యాదగా మాట్లాడే '-యొ' రూపం అని చెప్పేస్తే సరిపోతుందా?

---

హాన్_గంగ

సరిపోదు. 'వి' మధ్యమ పురుషలోనే పనిచేస్తుంది. కొరియన్‌లో రెండు ప్రశ్నలు విడివిడిగా ఉంటాయి: ఎవరితో మాట్లాడుతున్నాం, ఎవరి గురించి మాట్లాడుతున్నాం. తెలుగులో 'తాతగారు వచ్చారు', 'తమ్ముడు వచ్చాడు' అంటాం కాబట్టి రెండో ప్రశ్న మనకు తెలిసిందే. క్రొయేషియన్ క్రియ అక్కడ తేడా చూపదు. రెండు వరుసలు, రెండు నిలువుల గడి గీయండి: అడ్డంగా వినేవారు (స్నేహితురాలు, మేనేజరు), నిలువుగా సంగతి ఎవరిది (తమ్ముడు, నాయనమ్మ). నాలుగు గడుల్లోనూ 'వచ్చు' క్రియే రావాలి. స్నేహితురాలితో నాయనమ్మ గురించి చెప్పే గడిలో, మాట చివర చనువు రూపం, మధ్యలో గౌరవ ప్రత్యయం 'షి' రెండూ కలిసి వస్తాయి. అది అర్థమైతే పాఠం అయినట్టే. 9వ పాఠం కంటే ముందు వద్దు.

అనువాదాల దగ్గర ఒక మాట. 'అలసిపోయాను' అనే జపనీస్ వాక్యంలో మాట్లాడేది ఆడో మగో తెలియదు. క్రొయేషియన్‌లో 'ఉమొరన్ సమ్' (మగ), 'ఉమొర్న సమ్' (ఆడ), ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ప్రతిచోటా రెండూ గీత పెట్టి రాస్తే పేజీ చదవలేం. ప్రతి సంభాషణకూ పాత్రలను పేరుతో ఖాయం చేయండి, అభ్యాస వాక్యాల పక్కన చిన్న బొమ్మ పెట్టండి.

---

అచ్చుతప్పు

లేఅవుట్ వైపు నుంచి నాలుగు మాటలు. ఇవి ముందే సరిచేసుకోకపోతే చివర్లో పుస్తకం మొత్తం తిరగదోడాలి.

కొన్ని జపాన్ ఫాంట్లలో క్రొయేషియన్ ప్రత్యేక అక్షరాలు అయిదూ (కొక్కెం ఉన్న మూడు, మెత్తటి చ, అడ్డగీత ఉన్న 'డి') ఉండవు. సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క అక్షరాన్ని ఇంకో ఫాంట్ నుంచి తెచ్చి అతికిస్తుంది, మాట మధ్యలో అక్షరం లావుగా కనిపిస్తుంది. లాటిన్ అక్షరాలకు ఒక ఫాంట్, కాంజీకి (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలకు) ఒకటి, హంగుల్‌కు ఒకటి స్టైల్‌లోనే విడగొట్టండి.

వెబ్ వర్క్‌షీటులో భాష ట్యాగు తప్పనిసరి. యూనికోడ్‌లో ఈ చైనా అక్షరాల జపాన్, చైనా, కొరియా రూపాలు చాలావాటికి ఒకే సంఖ్య. ట్యాగు లేకపోతే 'సూటి' అనే అర్థమున్న కాంజీ చైనా ఆకారంలో తెరమీదికి వస్తుంది, విద్యార్థి అదే చూసి రాస్తాడు, పరీక్షలో తప్పు. కొరియన్ వాక్యాలు మాట మధ్యలో విరగకుండా విరుపు ఖాళీ దగ్గరే పడేలా పెట్టండి.

కాంజీ పైన చదువు రాసే ఫురిగాన అసలు అక్షరంలో సగం ఉంటుంది. 12 పాయింట్ల కాంజీ పైన 6 పాయింట్ల ఫురిగాన కొత్తవాడు చదవలేడు. మొదటి 10 పాఠాలకు 16 పాయింట్లు, పైన 8.

పదసూచిక కంప్యూటరుకు వదిలేయకండి. క్రొయేషియన్ వరుసలో 'ల్య', 'ఞ' జంటాక్షరాలు విడి అక్షరాలు, 'ఎల్', 'ఎన్' మాటలన్నీ అయ్యాక వస్తాయి. ఇంగ్లీషు సెట్టింగులో వరుస పెడితే అవి మధ్యలో ఇరుక్కుంటాయి. క్రొయేషియన్ లొకేల్ ఎంచుకోవాలి.

---

మాత్రాకాలం

కీబోర్డు మాట ఎవరూ ఎత్తలేదు. క్రొయేషియన్ కీబోర్డులో 'వై', 'జెడ్' మీటలు తారుమారై ఉంటాయి. జపనీస్ ఇన్‌పుట్ ఆన్ చేయగానే కంప్యూటరు లోపల ఇంగ్లీషు లేదా జపాన్ అమరిక నడుస్తుంది. 'యు' కోసం మీట మీద 'వై' చూసి నొక్కితే 'జు' పడుతుంది. ఇది చాలదన్నట్టు, 'య' కావాలని తమ అలవాటులో జె, ఎ కొడితే 'జ' వస్తుంది. 'త్సు' కోసం సి, యు కొడితే మైక్రోసాఫ్ట్ ఇన్‌పుట్‌లో 'కు' వస్తుంది.

అందుకని హెప్‌బర్న్‌ను పలుకు కోసం కాకుండా టైపింగు కోసం ఒక పేజీలో నేర్పండి, ఆరో పాఠంలో, కాన (హిరగాన లాంటి జపనీస్ ధ్వని లిపి) వచ్చేశాక. మీటల బొమ్మ వేసి, తారుమారైన రెండింటికీ రంగు వేయండి. కొరియన్‌కు హంగుల్ అమరిక సొంతం, మీటలకు స్టిక్కర్లు ఇస్తే చాలు.

---

పాఠశిల్పి

మూడో ప్రశ్నకు జవాబు దాదాపు తేలినట్టుంది: ధ్వని, లిపి పాఠాలు విడివిడిగా (జపనీస్‌కు 4, కొరియన్‌కు 3), చోటు, సాధనం, తెలిసిన-కొత్త సంగతి పాఠాలు ఒకే మూసలో, క్రియా రూపాలు, మర్యాద మళ్లీ విడిగా. అంకెలు ఎటు వేయాలి?

---

హాన్_గంగ

విడిగా. కొరియన్‌లో గంటలకు దేశీ అంకెలు, నిమిషాలకు చైనా నుంచి వచ్చిన అంకెలు. దేశీ అంకెల్లో 1 నుంచి 4 వరకు, 20కీ, లెక్కపదం ముందు రూపం మారుతుంది. క్రొయేషియన్‌లో 2, 3, 4 తర్వాత నామవాచకం ఒక రూపం, 5 నుంచి ఇంకో రూపం. అంకెను బట్టి మాట మారడం వాళ్లకు కొత్త కాదు కాబట్టి భయపెట్టకుండా సూటిగా ఇవ్వొచ్చు. జపనీస్‌లో పొడవాటి వస్తువులకు ఇప్పొన్, నిహొన్, సన్‌బొన్ వరుస కూడా అంతే.

---

అచ్చుతప్పు

అంకెల పాఠంలో ధరలు అచ్చువేసేటప్పుడు చూసుకోండి. క్రొయేషియాలో వేలకు చుక్క, దశాంశానికి కామా. జపాన్, కొరియాల్లో వేలకు కామా. 1,500 యెన్ అని అచ్చువేస్తే అక్కడి చదువరికి అది ఒకటిన్నర. జపాన్ దుకాణం బొమ్మలో కామా ఉంచండి, ఎందుకంటే అసలు ధరచీటీ అలాగే ఉంటుంది. కింద క్రొయేషియన్ వివరణలో 1.500 అని రాయండి, తేడా పాఠంలో ఒకసారి చెప్పండి. పోల్చడానికి వాళ్ల డబ్బు వాడితే యూరోలే. 2023 జనవరి 1న పాత డబ్బు కూనా స్థానంలో యూరో వచ్చింది, పాత వర్క్‌షీట్లలోంచి తెచ్చుకునే లెక్కల్లో ఇంకా కూనాలే ఉంటాయి. పదివేలు దాటిన ధరలు మొదటి సెట్టులో వద్దు. జపనీస్, కొరియన్ రెండూ పదివేలను ఒక యూనిట్‌గా లెక్కపెడతాయి, వేల మీద లెక్కపెట్టేవాళ్లకు దానికి విడిగా ఒక తరగతి కావాలి.